దేవుని కొఱకే దేవుఁడు

తిరువూరు ప్రాంతమున నెమలి వేణుగోపాలస్వామికి మ్రొక్కువారిని చూచి నవ్వుట మనకు సులభము. ఈ కోరికల బేరము క్రైస్తవులకును తప్పలేదు. 1876–78 నాఁటి కఱవున ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత గుత్తకుఁ గొని ఆకలిగొన్నవారికిఁ గూలి కల్పించెను. వేలకొలఁది జనులు బాప్తిస్మము వేఁడిరి, ఆయన యీయలేదు. కూటికై వచ్చినవారు కూడు తీఱఁగనే మరలుదురేమో యని శంక. సహాయము ముగిసినను వారు మరలలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాఁడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలోఁ బెక్కండ్రు మాదిగలు. అవమానము తొలఁగవలెనని వారు కోరియుండినను దానిని లోభ మనుటకు మే మొప్పుకొనము. కడుపు నిండిన మనము, పంటయు పదవియు సంతానమును గలవారము, నేఁటి యుదయమున దేవు నేమి యడిగితిమి?