పడవను ఆపేది ముడా, చుట్టా?

పిల్లలూ! సిద్దిపేట కోమటిచెరువులో మీలో కొందరు పడవ ఎక్కే ఉంటారు. ఒడ్డు చేరగానే తొందరపడి దిగబోతే ఏమవుతుంది? మీరు ముందుకు అడుగువేస్తే పడవ వెనక్కి జరుగుతుంది. న్యూటన్ మూడవ నియమం ఇదే. పడవను కట్టకపోతే ఒక కాలు గట్టున, ఒక కాలు పడవలో, మనిషి నీళ్లలో!

మరి అంత పడవను తాడు ఎలా ఆపుతుంది? ఒక ప్రయోగం చేయండి. దారం కొసన రాయి కట్టండి. అడ్డంగా బిగించిన గుండ్రని కర్ర మీదుగా దారం వేసి, రెండవ కొసను పట్టుకోండి. రాయి బరువు చేతికి తెలుస్తుంది. ఇప్పుడు కర్రకు దారాన్ని రెండు చుట్లు చుట్టండి. చిటికెన వేలితోనే ఆపవచ్చు! కారణం ఘర్షణ.

ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. ఒక పూర్తి చుట్టు వేస్తే, 1 కిలో బలంతో పట్టుకొని సుమారు ఆరున్నర కిలోలను ఆపవచ్చు. రెండు చుట్లకు 13 కాదు, సుమారు 43 కిలోలు! చుట్టు బలాన్ని కూడదు, గుణిస్తుంది. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ ఈ లెక్క కట్టాడు.

అందుకే మోకును ముందు గుంజకు రెండు చుట్లు వేయాలి. తరువాత కొసను పడవవైపు తాడు చుట్టూ తిప్పి, సందులోంచి తీసి బిగించాలి. అలాగే మరొకసారి. బరువు చుట్లది, కాపలా ముడిది.

తెగిన మోకును ముడివేస్తే, తాడు వంపు తిరిగినచోట దాని బలం సగానికి తగ్గవచ్చు. కొసల పురులు విప్పి ఒకదానిలో ఒకటి అల్లితే బలం చాలావరకు నిలుస్తుంది. లాగినకొద్దీ పురులు ఒకదానినొకటి నొక్కుకుంటాయి. అక్కడా ఘర్షణే!

నూలు దారంతో, నైలాను దారంతో ప్రయోగం చేసి చూడండి. ఏది ఎక్కువ జారింది? ఎందుకు? అన్నట్టు, పడవను కట్టేదాకా లేవకండి!