దాల్చినచెక్క – గుర్తింపు, గుణనిర్ణయం

ఔషధం గుణాన్ని విచారించడానికి ముందు, అది మనం అనుకొంటున్న ద్రవ్యమేనా అని నిర్ధారించుకోవాలి. వేరు, ఆకు, బెరడు ఎండిన తరువాత రూపం మారుతుంది. అప్పుడు ఒకదాని పేరుతో మరొకటి చెలామణి కావడం సులభం. ఇటువంటి ద్రవ్యాలను గుర్తించి, వాటి నాణ్యతను నిర్ణయించే శాస్త్రమే ఫార్మకాగ్నసీ. ప్రతి వంటింటిలోనూ కనిపించే దాల్చినచెక్క దీనికి చక్కని ఉదాహరణ.

సంస్కృతంలో దాల్చినచెక్కకు ‘త్వక్’ అని పేరు. ఆయుర్వేదంలో ఇది ఏలకులతోను, ఆకుపత్రితోను కలిసినప్పుడు ‘త్రిజాతకం’ అవుతుంది. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణంలో పటికబెల్లం, వంశలోచనం, పిప్పళ్ళు, ఏలకులు, దాల్చినచెక్క వరుసగా 16, 8, 4, 2, 1 పాళ్ళలో ఉంటాయి.

అయితే బజారులో ఈ ఒక్క పేరుతో రెండు రకాల బెరడులు లభిస్తాయి. మొదటిది శ్రీలంకకు ప్రసిద్ధి తెచ్చిన సిన్నమోమం వీరమ్ అనే చెట్టు లోపలి బెరడు. రెండవది కాసియా. ఇది చైనా, ఇండోనేషియా, వియత్నాం దేశాలలో పెరిగే సోదర జాతుల బెరడు. ఇవన్నీ లారేసీ కుటుంబానికి చెందినవే.

వీటిని గుర్తించడంలో తొలి సాధనాలు మన ఇంద్రియాలే. శ్రీలంక రైతులు కొమ్మల పైపొరను గీకివేసి, పలుచని లోపలి బెరడును ఒలిచి, ఒకదానిలో ఒకటి దూర్చి ఆరబెడతారు. అందువల్ల అసలు దాల్చినచెక్క అడ్డుకోతలో చుట్టలు చుట్టిన కాగితపు పొరల వలె కనిపిస్తుంది. లేత గోధుమరంగులో ఉండి, వేళ్ళతో నలిపితే విరిగిపోతుంది. దాని వాసన మృదువు, రుచి తీపి. కాసియా దళసరిగా, ఒకే పొరగా, ముదురు ఎరుపు ఛాయతో ఉంటుంది. అది సులభంగా విరగదు. ఘాటు ఎక్కువ.

పొడి చేసిన తరువాత ఈ లక్షణాలు కంటికి అందవు. అప్పుడు సూక్ష్మదర్శిని అవసరమవుతుంది. దాల్చినచెక్క నారల వెడల్పు సాధారణంగా 30 మైక్రాన్లకు మించదు. కాసియా నారలు అంతకన్నా వెడల్పుగా, పిండి రేణువులు పెద్దవిగా ఉంటాయి. కషాయంలో అయోడిన్ చుక్కలు వేస్తే కాసియా చిక్కని నీలిరంగుకు మారుతుంది. అసలు చెక్కలో ఆ మార్పు స్వల్పం. కాని ధాన్యపు పిండి కలిపిన పొడి కూడా నీలిరంగునే చూపుతుంది. కనుక ఏ ఒక్క పరీక్షతోనూ తీర్పు చెప్పరాదు.

జాతి తేలిన తరువాత నాణ్యతను పరిశీలించాలి. తైలం తీసివేసిన చెక్క చూపులకు మంచి చెక్క వలెనే ఉంటుంది. ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథం ప్రకారం కిలో దాల్చినచెక్కలో కనీసం 12 మిల్లీలీటర్ల సుగంధ తైలం ఉండాలి. చెక్కను కాల్చగా మిగిలిన బూడిదలో ఆమ్లంలో కరగని భాగం ఎక్కువైతే మట్టి, ఇసుక కలిసినట్లు భావించాలి.

ఇంత శ్రమ ఎందుకు? కాసియాలో కుమారిన్ అనే పదార్థం అధికం. అసలు దాల్చినచెక్కలో అది లేశమాత్రమే. కుమారిన్ మితిమీరితే కొందరిలో కాలేయం దెబ్బతింటుంది. శరీర బరువులో కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాముకు మించరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ నిర్ణయించింది. ఈ లెక్కన 60 కిలోల వ్యక్తికి పరిమితి 6 మిల్లీగ్రాములు. గ్రాముకు 3 మిల్లీగ్రాముల కుమారిన్ గల కాసియాను రోజూ 2 గ్రాములు తింటే ఆ పరిమితి నిండుతుంది. కూరలో అప్పుడప్పుడు వేసే ముక్కకు భయపడనక్కరలేదు. మందు పేరుతో ప్రతిదినం చెంచాలతో పొడి మింగేవారే జాగ్రత్త వహించాలి.

2023లో అమెరికాలో దాల్చినపొడి కలిపిన ఆపిల్ గుజ్జు తిన్న పసిపిల్లల రక్తంలో సీసం బయటపడింది. ఆ కాలుష్యం పొడి ద్వారానే వచ్చిందని పరీక్షలు సూచించాయి. కల్తీని దాచుకోవడానికి పొడిలో ఉన్నంత వీలు చెక్కలో ఉండదు. కాబట్టి చెక్కగానే కొని, చూసి, విరిచి, వాసన చూసి, ఇంటిలో దంచుకోవడం ఉత్తమం. పరీక్షించనిదే ఏ ద్రవ్యాన్నీ ఔషధమని నమ్మరాదు.

ప్రశ్నలు
1. దాల్చినచెక్కకు, కాసియాకు గల భేదాలను వివరించండి.
2. అయోడిన్ పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదు?
3. కాసియాను నిత్యం ఔషధంగా వాడేవారు ఎందుకు జాగ్రత్త వహించాలి?