చెకప్పు ముందు రాత్రులకి

ఏలూరు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయినా, చెకప్పు దగ్గరపడితే నిద్ర పట్టడం లేదని రాశావు. అర్ధరాత్రి లేచి పోపులడబ్బా సర్దుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సర్దుకో, తప్పులేదు. కౌన్సిలరమ్మ నేర్పిన గైడెడ్ ఇమేజరీని "నాకు కుదరలేదు" అని వదిలేశావు చూడు, అందుకే నాకు కోపం.

ఎలా కుదురుతుంది? ఆ రికార్డింగులో మంచుకొండ ఎక్కమంటారు. సినిమాలో తప్ప నువ్వు మంచెక్కడ చూశావు? నువ్వు ఊహలో కొల్లేరు వెళ్లు. పడుకునే ముందు కళ్లు మూసుకుని, ఊపిరి మెల్లగా వదులుతూ తాటిదోనెలో కూర్చో. చూసి ఊరుకోకు. గెడ నీళ్లలో దిగిన చప్పుడు విను, కిక్కిస ఆకు చేతికి తగలనీ. అన్నిటికన్నా ముందు వాసన! బురద, గుర్రపుడెక్క, ఎండుచేపలు కలిసిన వాసన. అది లేకపోతే క్యాలెండరు బొమ్మే. చిన్నప్పుడు పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట వెళ్తుంటే మీ అమ్మ దోనెలో ముక్కు మూసుకుంది. "అమ్మవారు ఈ వాసనలోనే ఉంటోందండీ" అన్నాడు దోనెవాడు. ఇప్పుడు ఎండురొయ్య లేందే మీ అమ్మకి ముద్ద దిగదు. ఏం చెబుతున్నాను? ఆఁ, వాసన.

2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, చాలాచోట్ల మళ్లీ లేచాయి. నీ ఊహలో మాత్రం ఒక్క గట్టూ పెట్టకు. ఆటపాక గూడబాతుల్ని ఎన్నయినా పెట్టుకో. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీళ్లని ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది కదా, భయం వస్తే దాన్నీ అటే పోనీ. ఆసుపత్రి గుర్తొచ్చి గుండె దడదడలాడితే కళ్లు తెరిచెయ్యి, బలవంతం లేదు బంగారం.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. 1970లలో కార్ల్ సిమంటన్ అనే అమెరికా రేడియేషన్ డాక్టరు, తెల్లకణాలు క్యాన్సర్‌ని తరిమేస్తున్నట్టు ఊహించుకోమని రోగులకు నేర్పాడు. నర్సు ఉద్యోగంలో ఉండగా చదివాను. కానీ ఊహతో జబ్బు నయమవుతుందని రుజువు కాలేదు. ఆందోళన తగ్గడానికే ఇది. రేపు రిపోర్టులో తేడా వస్తే, సరిగా ఊహించుకోలేదని నిన్ను నువ్వు తిట్టుకుంటే ఊరుకోను. టామాక్సిఫెన్ మాత్రలు మానకు. చెయ్యి వాస్తే దాచకుండా డాక్టరుకి చూపించు.

శనివారం పాసింజరుకి గూడెం వస్తున్నా. చెకప్పుకి నేనే తోడొస్తాను. ఎండుచేపలు తెస్తున్నా; మీ ఆయనకి వాసన పడకపోతే వరండాలో కూర్చోమను.

పెద్దమ్మ