మీ చెవి కొత్తగా ఉన్నప్పుడే వినండి

కెనడాలోని హాలిఫాక్స్‌లో క్రిస్మస్ ఒక్కరోజు తప్ప ఏడాది పొడుగునా మధ్యాహ్నం పన్నెండింటికి సిటాడెల్ కొండ మీద ఫిరంగి పేలుతుంది. మన ఊళ్ల నుంచి చదువు కోసం కొత్తగా దిగిన కుర్రవాడు ఉలిక్కిపడి చుట్టూ చూస్తాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు తల కూడా ఎత్తరు. మోత ఇద్దరికీ ఒక్కటే. ఒకరి చెవికి అది అలవాటైపోయింది, ఇంకొకరి చెవికి ఇంకా కాలేదు.

పరాయి ఊరికి వెళ్లినవాళ్లకు మొదటి కొన్ని నెలలు ఈ అలవాటుపడని చెవి ఉచితంగా దొరుకుతుంది. చాలామంది దానికి ఇయర్‌ఫోన్స్ బిగించి మూసేస్తారు. పాట రాయాలనుకున్నా, బాణీ కట్టాలనుకున్నా, మరే రంగంలో సొంత ముద్ర వేయాలనుకున్నా ఆ నెలలను మాత్రం పోగొట్టుకోకండి.

హాలిఫాక్స్‌లోనే 1972లో పుట్టిన స్వరకర్త ఎమిలీ డూలిటిల్ సంగతి చూడండి. సొంత ఊళ్లో డల్‌హౌసీ యూనివర్సిటీలో చదివి, ఆ తర్వాత నెదర్లాండ్స్ వెళ్లారు. అక్కడ కిటికీ బయట ఒక బ్లాక్‌బర్డ్ పాడుతుంటే ఆమె అలాగే వింటూ నిలబడిపోయారు. యూరప్ వాళ్లకు ఆ పక్షి మనకు గోరింక ఎంతో అంత. రోజూ వాకిట్లో ఉండేదే. ఉత్తర అమెరికా అడవుల్లో అది ఉండదు కాబట్టి ఆమెకు ఆ పాట కొత్తగా వినబడింది. అందులోంచి ‘నైట్ బ్లాక్ బర్డ్ సాంగ్’ అనే రచన పుట్టింది. తర్వాత తిమింగలాల శబ్దాలు, సీళ్ల పాటలు ఆమె సంగీతంలోకి వచ్చాయి.

ఇంతవరకూ చాలామంది కళాకారుల కథే. డూలిటిల్ ఇక్కడితో ఆగలేదు, అందుకే ఆమె గురించి ఇంత చెబుతున్నాను. పక్షి పాట సంగీతంలా అనిపించింది సరే, అది నిజంగా సంగీతమేనా అని అడిగారు. జవాబు కోసం ముగ్గురు శాస్త్రవేత్తలతో కలిసి పనిచేశారు. వాళ్లు పరిశీలించింది హెర్మిట్ థ్రష్ అనే పిట్టని. గోధుమరంగు వీపు, చుక్కల రొమ్ము, ఎర్రటి తోక. హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా రాష్ట్రపు అడవుల్లో వేసవి పొద్దుల్లో, సందెవేళల్లో పాడుతుంది. ముందు ఒక్క స్వరాన్ని నిలకడగా పట్టి నిలబెడుతుంది. వెంటనే పిల్లనగ్రోవి మీద వేళ్లు పరుగెత్తినట్టు స్వరాలు గిరగిరా తిరిగిపోతాయి. కాసేపు ఆగి మరో శ్రుతిలో మళ్లీ మొదలుపెడుతుంది.

2014లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో వాళ్ల ఫలితం వచ్చింది. వాళ్లు లెక్కగట్టిన పాటల్లో ఎక్కువ వాటిలో స్వరాలు ఒకే ఆధార శ్రుతికి మూడింతలు, నాలుగింతలు, ఐదింతలు ఇలా సరిగ్గా పూర్తి అంకెల లెక్కలో ఉన్నాయి. ఆ పిట్ట గొంతు వేరే స్వరాలూ పలకగలదు. అయినా వీటినే ఎంచుకుంటోంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. తంబూర బాగా శ్రుతి కలిస్తే ఎవరూ మీటని గాంధారం దానంతటదే పలుకుతుంది. స్వయంభూ గాంధారం అంటారు మన విద్వాంసులు. తీగ కంపించేటప్పుడు మూలధ్వనితో పాటు దానికి రెండింతలు, మూడింతలు, ఐదింతల వేగంతో కంపించే సన్నని ధ్వనులు కూడా పుడతాయి. మూడింతల దగ్గర పంచమం, ఐదింతల దగ్గర అంతర గాంధారం. తంజావూరు తంబూరలో మన పెద్దలు విన్నదీ, కెనడా అడవిలో ఆ పిట్ట పాడుతున్నదీ ఒకే లెక్క. ఇది చదివిన రోజు నాకు ఒళ్లు పులకరించింది.

సప్తస్వరాలను నెమలికీ, కోకిలకూ, ఏనుగుకూ ముడిపెట్టి మన శాస్త్రాలు చెప్పాయి. సంగీతం క్లాసులో ఆ జాబితా అందరూ బట్టీపట్టారు. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని కోకిల కూత నిజంగా ఏ స్వరంలో ఉందో పోల్చి చూసినవాళ్లు ఎందరు? చూడండి, ఒక్క వేసవి చాలు. కోకిల ఒక్కో కూతకూ శ్రుతి పెంచుకుంటూ పోతుందని, పైస్థాయికి చేరాక ఠక్కున ఆపేస్తుందని మీ చెవులే మీకు చెబుతాయి. పుస్తకంలో చదివిన దానికీ, చెవితో తేల్చుకున్న దానికీ మధ్య తేడా మీ మాటలో, మీ పాటలో తెలిసిపోతుంది.

అలా తేల్చుకోవడానికి ఓపిక కావాలి. ఫ్రెంచి స్వరకర్త ఒలీవియే మెస్సియా నోటుపుస్తకం పట్టుకుని ఏళ్ల తరబడి తోటల్లో, అడవుల్లో పక్షుల పాటలు రాసుకున్నారు. పక్షి వేగం, అంత పైశ్రుతి మన వాద్యాలకు అందవు కాబట్టి శ్రుతి దించి, వేగం తగ్గించి స్వరపరిచారు. ఇప్పుడు మీ ఫోనే ఆ పని చేస్తుంది. రికార్డు చేసి సగం వేగంతో వినండి. గజిబిజిగా తోచిన అరుపులో ఎంత అమరిక ఉందో బయటపడుతుంది.

మన త్యాగరాజస్వామి అసావేరి రాగంలో కావేరి మీద పాడిన కీర్తన గుర్తు తెచ్చుకోండి. అందులో నది ఒకచోట భయపెట్టేలా గర్జిస్తుంది, ఒకచోట నిండు కరుణతో సాగుతుంది, గట్టున కోకిలలు కూస్తుంటాయి. నదికి ఒకటే గొంతు ఉందని ఆయన అనుకోలేదు. ఒడ్డున నడిచి విన్నవాడికే ఆ తేడాలు తెలుస్తాయి.

కెనడా స్వరకర్త ఆర్. ముర్రే షేఫర్ 1967లో ‘ఇయర్ క్లీనింగ్’ అనే చిన్న పుస్తకం వేశారు. సంగీత విద్యార్థులు వాయించడం కంటే ముందు చెవిని శుభ్రం చేసుకోవాలని ఆయన పట్టుబట్టారు. ఆయన పాఠాల్లో నాకు బాగా పనికొచ్చేది చాలా తేలిక. ఒకచోట కదలకుండా కూర్చుని వినబడిన ప్రతి శబ్దాన్నీ కాగితం మీద రాయడం. మొదట నాలుగైదు రాసి అయిపోయిందనుకుంటారు. లేవకండి. తర్వాత వచ్చేవే అసలైనవి.

అడవితో పాటు మనుషులనూ వినండి. హాలిఫాక్స్ రేవుకు అవతలి ఒడ్డున డార్ట్‌మౌత్‌లో 1899లో పుట్టిన హెలెన్ క్రైటన్ 1928లో జాలర్ల పాటలు సేకరించడం మొదలుపెట్టారు. బాణీలు పట్టుకోవడానికి ఒక చిన్న హార్మోనియం లాంటి వాద్యాన్ని తోపుడుబండిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నాలుగు వేలకు పైగా పాటలు కూడబెట్టారు. ఇవాళ నోవా స్కోషియా తన సొంత గీతంలా పాడుకునే ‘ఫేర్‌వెల్ టు నోవా స్కోషియా’ ఆమె సేకరించి నిలబెట్టిందే. హాలిఫాక్స్ స్వరకర్త స్కాట్ మెక్‌మిలన్ సముద్రం కోసం ‘సెల్టిక్ మాస్ ఫర్ ది సీ’ కట్టినప్పుడు ఆయన వెనక ఇలా పాటలతో నిండిన తీరం ఉంది.

హాలిఫాక్స్‌లో ఉన్నవాళ్లు పాయింట్ ప్లెజెంట్ పార్కుకు వెళ్లండి. సెలవు దొరికితే నలభై కిలోమీటర్ల అవతల పెగ్గీస్ కోవ్ వెళ్లి, నున్నటి గ్రానైట్ బండల పగుళ్లలో అల దూరి మోగడం వినండి. నల్లగా తడిసిన బండల మీదకు మాత్రం దిగవద్దు, అక్కడ ఉన్నట్టుండి వచ్చే అల ప్రాణాలు తీస్తుంది. విశాఖలో ఉన్నవాళ్లకు కంబాలకొండ ఉంది, హైదరాబాదులో ఉన్నవాళ్లకు కె.బి.ఆర్. పార్కు ఉంది. ఎంచుకున్న చోటును మార్చకండి. అదే చోటు, అదే వేళ, వారం వారం. వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి. పక్షి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, విన్నది విన్నట్టు రాయండి.