పోగుపోగునా అప్పగింత

హిందూపురము



నాయనా, ధర్మవరమునుండి నీవు వ్రాసిన జాబు చేరినది. కూటముల కడపటి రాత్రి చేయి పైకెత్తి నీ చిత్తమును సంపూర్ణముగా దేవునికి సమర్పించుకొంటివనియు, ఇక మగ్గము విడిచి పరిచర్యకు వెళ్ల నిశ్చయించితివనియు, క్రొత్త పడుగు ఎక్కించువరకైన ఉండుమని మీ నాయన బతిమాలుట నీకు సైతాను వేసిన అడ్డముగా తోచుచున్నదనియు వ్రాసితివి. మొదటి మాటకు సంతోషించితిని. మూడవ మాట చదివి చాలసేపు ఆ జాబును చేత పట్టుకొనియే కూర్చుంటిని.

నీవు మగ్గపు గుంత ప్రక్కన పుట్టి పెరిగినవాడవు గనుక నీకు తెలిసిన పనితోనే చెప్పెదను. పాత పడుగు నేత ముగిసినప్పుడు దాని కొసలను అచ్చులోనుండి ఊడదీయరు గదా. వ్రేళ్లకు బూడిద అద్దుకొని, పాత పోగు కొసకు క్రొత్త పోగు కొసను చేర్చి మెలిపెట్టి, పిమ్మట దాని ప్రక్క పోగు, పిమ్మట దాని ప్రక్కది, ఇట్లు వేలకొద్ది పోగులను ఒక్కటియు తప్పకుండ అతికినగాని మగ్గము కదలదు. చీర నేయవలెనని నిశ్చయించుకొనుట క్షణములోని పని, అతుకుట నడుము పడిపోవు పని. ఒక పోగు తప్పెనా, ఆ లోపము చీర పొడవునా గీతవలె కనబడుచునే యుండును. నీవు ఆ రాత్రి చేసినది నిశ్చయము. దానిని నేను తక్కువ చేయను. కాని నీ కోపము, నీ నాలుక, నీ సొమ్ము, నీ పేరు, మీ నాయనకు నీవు బదులు చెప్పు తీరు, ఇవన్నియు ఇంకను ఒక్కొక్క పోగుగా అతుకవలసియే యున్నవి.

నేను పెనుకొండలో ఉపాధ్యాయుడనుగా ఉన్న యేండ్లలో సాయంకాలము కోటగోడల వెంట నడచెడివాడను. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజధాని హంపీ నిలువకపోగా తిరుమలరాయలు ఆ కొండను నమ్ముకొని అక్కడ రాజధాని నెలకొల్పెను. 1592 ప్రాంతమున అది చంద్రగిరికి, ఆపై వేలూరునకు తరలినది. ఈ పాఠము పిల్లలకు చెప్పుచుండగా నాకొకనాడు స్ఫురించినదేమనగా, మన స్వచిత్తమును ఇట్టి రాజ్యమే; ఒకచోట ఓడినంత మాత్రమున అది చావదు, రాజధాని మార్చుకొనును. ధనాశను విడిచినవానిలో కీర్తికాంక్షయై, కీర్తిని విడిచినవానిలో తనవలె విడిచినవాడు వేరొకడు లేడను గర్వమై అది మరల గద్దె నెక్కును. అన్నిటికంటె ఎక్కరాని కొండ పరిచర్యయే, ఏలయన అక్కడ మన ఇష్టమునకు దేవుని పేరు పెట్టుకొనవచ్చును.

ఇది పుస్తకములనుండి చెప్పుచున్న మాట కాదు. హిందూపురమునకు బదిలీ కావలెనని నేను రెండేండ్లు మోకాళ్లపై ప్రార్థించితిని. అక్కడ ఆదివారపు బడి నడపగలనని, యౌవనస్థులను పోగుచేయగలనని దేవునికి కారణములు చూపితిని. ఆ స్థలము వేరొకరికి పోయినది. ఆయనను చూచినప్పుడెల్ల నా లోపల ఏదో మండెడిది. పలుకరింపు కూడ మానితిని. నేను ప్రార్థన యనుకొన్నది ఉత్తర్వును కూడ నేనే వ్రాసికొని సంతకమునకు పెట్టిన అర్జీ యని అప్పటికిని తెలియలేదు. తుదకు ఒక రాత్రి దీపమార్పి, ప్రభువా, నాకు ఆ ఊరు కావలసినది సొంత యింటికొరకు, నలుగురిలో పేరుకొరకు అని ఉన్నదున్నట్లు చెప్పుకొంటిని. బదిలీ మరి ఐదేండ్లకు గాని రాలేదు. అయితే ఆ వారములోనే నేను వెళ్లి ఆయనను పలుకరించితిని.

కోరికయే పాపమని దీనినిబట్టి అనుకొనవద్దు. గెత్సేమనే యను తోట పేరుకు నూనె గానుగ అని అర్థము. వేరుసెనగ పండించు మన సీమవారికి గానుగ సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ మన ప్రభువు ముందుగా తన కోరికను దాచక తండ్రికి చెప్పెను, తన శ్రమల గిన్నె తొలగిపోవలెననియే అడిగెను, ఆ తరువాతనే తండ్రి చిత్తమునకు తలయొగ్గెను. అదియు ఒక్క మారు గాక మూడు మారులు ప్రార్థించెను. మన పెండ్లిండ్లలో అప్పగింతలవేళ కన్నీరు పెట్టని తల్లి లేదు. ఆ కన్నీటిని ఎవ్వరును అవిశ్వాసమనరు. కోరకయే అప్పగించితినని చెప్పువాడు తనకు లేనిదానిని అప్పగించినట్లే.

మరియొక మాట గట్టిగా చెప్పవలెను. నీ చిత్తము దేవునికి అప్పగింపబడినది గాని మనుష్యునికి కాదు. నిన్నుగూర్చి దేవుడు తనకు చెప్పెనని ఎవడైన నీ చదువును, నీ పెండ్లిని, నీ సంపాదనను తన గుప్పిట పట్టజూచినయెడల, వాడు బోధకుడైనను సరే, నిర్భయముగా కాదనుము. నా మాటను సయితము వాక్యముతో పరీక్షించి చూడుము.

మరల పోగుల మాటకే వచ్చెదను. కెనడానుండి వచ్చి మన సీమలో సువార్త చెప్పిన సైలస్ ఫాక్సుగారు తెలుగువారే మెచ్చునట్లు తెలుగు మాటలాడిరి. తన భాషలో ధారాళముగా ప్రసంగింపగల పెద్దమనిషి పరాయి భాషలో అ ఆలకు కూర్చుండుట తన్నుతాను ఎంతగా ఉపేక్షించుకొనుటయో యోచింపుము. విన్నవారు నేసిన చీరను చూచిరి. అతికిన పోగులను ఎవరు చూచిరి?

నీకు పరిచర్య పిలుపు లేదని నేననను. ఉన్నయెడల అది ఒక పడుగు అతుకునంతలో చల్లారిపోదు. మీ నాయనకు చూపు మందగించినదని వెనుకటి జాబులో నీవే వ్రాసితివి. పట్టుపోగు కొసలు ఆయనకు ఇప్పుడు కనబడవు. అతుకు ముగియువరకు ఆయన ప్రక్కన కూర్చుండుము. ముగిసిన మరునాడు ఉదయపు బండికి హిందూపురము రమ్ము. ఇరువురము మోకరించి, నీ కోరికను దాచకుండ దేవుని యెదుట పెట్టి అడుగుదము.

ఇట్లు,
నీ క్షేమము కోరు
అయ్యవారు