మళ్లీ మొదటి వాలు నుంచి

మోకాలికి ఆపరేషన్ అయిందని తెలిస్తే పలకరించడానికి వచ్చినవాళ్లు ముందుగా "ఎన్ని నెలలు పడుతుందట?" అనే అడుగుతారు. మనమూ క్యాలెండర్ వైపే చూస్తాం. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంటు తెగి సర్జరీ చేయించుకున్నవాళ్లను కనీసం 9 నెలలు ఆటల జోలికి పోవద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. అయితే నెలలు నిండినంత మాత్రాన కాలు సిద్ధమైనట్టు కాదు. దెబ్బ తిన్న కాలి తొడ కండరానికి రెండో కాలి బలంలో 90 శాతమైనా వచ్చిందా, ఒంటికాలి మీద గెంతితే రెండు కాళ్లూ దాదాపు సమాన దూరం వెళ్తున్నాయా అని ఫిజియోథెరపిస్టులు కొలుస్తారు. మనసుకూ ఒక కొలత ఉంది. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు 12 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. మళ్లీ దెబ్బ తగులుతుందని భయంగా ఉందా, మోకాలు నిలబడుతుందన్న నమ్మకం ఉందా అని అది అడుగుతుంది.

ధైర్యం చెప్పేవాళ్లకు మన చుట్టూ కొదవలేదు. భుజం తట్టడం మంచిదే. కానీ దెబ్బ తిన్న ఒంటికి మాటలు చాలవు, రుజువు కావాలి. ఆ రుజువు కొంచెం కొంచెంగా, మన అదుపులో ఉన్న చోట, మళ్లీ మళ్లీ దొరకాలి. నాకది మంచు లేకుండానే స్కీయింగ్ చేసే ప్లాస్టిక్ వాలు మీద దొరికింది.

ఎడిన్‌బరోలో బ్యాడ్మింటన్ ఆడుతుంటే నా కుడి మోకాలి లిగమెంటు తెగింది. స్కీయింగ్ అంతకుముందే కొంత వచ్చు. పరీక్షలన్నీ అయి ఫిజియోథెరపిస్టు సరేనన్నాక, మంచు కొండలకు పోకుండా, ఊరికి దక్షిణాన పెంట్‌లాండ్ కొండల అంచునున్న హిల్ఎండ్‌కు వెళ్లాను. ఆ కృత్రిమ వాలు 1960ల నుంచీ ఉంది. "ఎందుకురా నాన్నా ఇప్పుడా గొడవ, చక్కగా నడుస్తున్నావు, చాలదా?" అంది అమ్మ ఫోన్లో. ఆమె భయంలో న్యాయముంది. నడకకైతే చాలు. కానీ మెట్లు దిగేటప్పుడల్లా కుడికాలిని కాపాడుకుంటూ బరువంతా ఎడమకాలి మీదే వేసే అలవాటు పోవాలని నా పట్టుదల.

స్కీలు అద్దెకిచ్చేచోట ఒక ఫారం నింపాలి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్, పడ్డప్పుడు ఎంత బలానికి ఊడిరావాలో దాన్నిబట్టే బిగిస్తారు. బరువు, ఎత్తు, వయసు రాశాక స్కీయర్‌గా మీరు ఏ రకమని ఉంటుంది. నిదానంగా వెళ్లేవాళ్లు ఒకటో రకం, వేగంగా ఏటవాలుల్లో దిగేవాళ్లు మూడో రకం. ఒకటి రాస్తే బైండింగ్ తేలిగ్గా ఊడుతుంది. దెబ్బకు ముందు మనం ఎలా దిగేవాళ్లమో గుర్తుకొచ్చి చెయ్యి రెండు దగ్గర ఆగుతుంది చూశారూ, నా దృష్టిలో వ్యక్తిత్వానికి అసలు పరీక్ష అక్కడే. నేను ఒకటి రాశాను. మోకాలి సంగతి కౌంటర్‌లోనూ, శిక్షకుడికీ చెప్పాను. మంచి బైండింగులు వచ్చాక కాలి ఎముకలు విరగడం బాగా తగ్గింది గానీ, మోకాలి లిగమెంటును అవి అంతగా కాపాడలేవు. మిగతా జాగ్రత్త మనదే.

ఆ వాలు మెత్తటిదనుకుంటే పొరపాటు. గచ్చు తోమే బ్రష్షులను తిరగేసి పరిచినట్టు ప్లాస్టిక్ పోచలు పైకి నిక్కి ఉంటాయి. పట్టు తగ్గడానికి నీళ్లు చిమ్ముతుంటారు. పడితే చర్మం దోక్కుపోతుంది, అల్లిక సందుల్లో బొటనవేలు ఇరుక్కుంటుంది. అందుకే పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్ తప్పనిసరి. పడేటప్పుడు పిడికిలి మూసుకోమని ముందే నేర్పుతారు. పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీద, స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి నెమ్మదిగా దిగాను. ఎడమవైపు తిరగాలంటే బరువు కుడికాలి మీద పడాలి. మొదట్లో ఆ మలుపు రాగానే ఒళ్లు బిగుసుకుపోయేది. శిక్షకుడు పక్కనే వస్తూ "కాలి వైపు చూడకండి, వెళ్లాల్సిన చోటు చూడండి" అనేవాడు. కొన్ని వారాలకు కుడికాలు బరువు మోస్తోందన్న సంగతి మలుపు తిరిగాక గానీ గుర్తుకొచ్చేది కాదు. అప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ప్లాస్టిక్ వాలును నాసిరకమని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. కానీ ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని పెండిల్ స్కీ క్లబ్‌లో అలాంటి వాలు మీదే నేర్చుకున్న డేవ్ రైడింగ్ 2022 జనవరిలో ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో స్లాలమ్ రేసు గెలిచాడు. ఆల్పైన్ ప్రపంచ కప్ రేసు గెలిచిన తొలి బ్రిటిష్ స్కీయర్ అతడే. అప్పటికి వయసు 35.

నాకైతే ఒంట్లో ఇంకా ఓపిక ఉండగానే ఆ పూటకు ఆపేయడం అన్నిటికన్నా కష్టమనిపించింది. అలసిన తొడ మోకాలిని పట్టి ఉంచలేదు. "ఇంకొక్కసారి" అన్న మాట దగ్గరే చాలామందికి దెబ్బలు తగులుతాయి.

మీరు స్కీయింగ్ చేయకపోవచ్చు. మళ్లీ బండెక్కాలనో, కూచిపూడి సాధన మొదలెట్టాలనో, తిరుమల మెట్లెక్కాలనో ఉండొచ్చు. ఏదైనా సరే, ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్లి "నా రెండు కాళ్ల బలం కొలిచి చెప్పండి" అని అడగండి. వచ్చిన అంకెను ఇంట్లోవాళ్లకూ, నేర్పేవాళ్లకూ దాచకుండా చెప్పండి.