సంతకానికి ముందు అరగంట

1986 జనవరి 27 సాయంత్రం. యూటా రాష్ట్రంలోని మోర్టన్ థియోకోల్ కంపెనీ ఇంజినీర్లు నాసా అధికారులతో టెలికాన్ఫరెన్స్‌లో కూర్చున్నారు. మర్నాడు పొద్దున ఫ్లోరిడా నుంచి స్పేస్ షటిల్ ఛాలెంజర్ ఎగరాలి. అక్కడ ఆ రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి. బూస్టర్ రాకెట్ అతుకుల దగ్గర వేడి వాయువులు బయటికి తన్నుకు రాకుండా ఆపేవి రబ్బరు ఓ-రింగులు. చలికి ఆ రబ్బరు బిర్రబిగుసుకుపోతుంది. అందుకే 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే ప్రయోగించవద్దని ఇంజినీర్లు చెప్పారు. వాళ్లలో ఒకడైన రోజర్ బోజొలే, ప్రాణాలు పోయే ప్రమాదం ఉందని ఆరు నెలల ముందే, 1985 జులై 31న, పై అధికారి బాబ్ లండ్‌కు మెమో రాసి ఉన్నాడు.

నాసా వాళ్లకు ఈ మాట రుచించలేదు. ఐదు నిమిషాలు మాలో మేం మాట్లాడుకుంటామని కంపెనీ వాళ్లు లైన్ పక్కన పెట్టారు. ఆ ఐదు నిమిషాలు అరగంట అయింది. లండ్ మొదట ఇంజినీర్ల పక్షమే. ఇంజినీరు టోపీ తీసేసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు సీనియర్ ఉపాధ్యక్షుడు జెరాల్డ్ మేసన్. నలుగురు మేనేజర్లు కలిసి సరేననేశారు. ఇంజినీర్లను ఎవరూ ఓటడగలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువసేపు ఆపేసేది లండ్. అతను లంచం తినలేదు, ఎవరికీ కీడు తలపెట్టలేదు. ముఖ్యమైన కస్టమర్ విసుక్కున్నాడు, గదిలో పెద్దవాళ్లు తనకేసి చూస్తున్నారు, టైము లేదు. అంతే. మనలో చాలామందిమి ఆ కుర్చీలో ఉంటే అదే చేస్తాం, ఈ సంగతి ఒప్పుకోవడం కష్టంగా ఉన్నా.

కంపెనీ తరఫున ప్రయోగానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన అలన్ మెక్‌డొనాల్డ్ ఆ రాత్రి ఫ్లోరిడాలోనే ఉన్నాడు. పెట్టనన్నాడు. యూటాలో ఉన్న పై అధికారి సంతకం చేసి ఫ్యాక్స్ పంపాడు. పైకి లేచిన 73 సెకన్లకు ఛాలెంజర్ ముక్కలైంది. ఏడుగురు పోయారు. జరిగింది జరిగినట్టు విచారణ కమిషన్‌కు చెప్పిన మెక్‌డొనాల్డ్‌ను కంపెనీ కింది పనికి దించింది. అమెరికన్ కాంగ్రెస్ సభ్యులు కలగజేసుకున్నాక గానీ ఆయన తేరుకోలేదు. చివరికి ఆ అతుకులను కొత్తగా రూపొందించే బాధ్యత ఆయనకే అప్పగించారు. బోజొలేకు అంత అదృష్టం దక్కలేదు. తోటివాళ్లు ముఖం చాటేశారు, ఆరోగ్యం చెడి ఉద్యోగం వదిలేశాడు. నిజం చెబితే అంతా మంచే జరుగుతుందని యువతకు నేను చెప్పలేను.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మన కుర్రాళ్ల ముందుకు రాకెట్ రాదు. లేని నాలుగేళ్ల అనుభవం చేర్చిన రెజ్యూమె వస్తుంది. "ఇంటర్వ్యూలో మావాడు మాట్లాడతాడు, నువ్వు పెదాలు కదిపితే చాలు. అందరూ చేసేదే తమ్ముడూ" అంటారు. అనేది పరాయివాడు కాదు, వీసాకు స్పాన్సర్ చేసిన, కన్సల్టెన్సీ నడిపే మన జిల్లా అన్నే. కాదంటే ఉద్యోగం పోతుందేమో, పోతే హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి మరో దారి వెతుక్కోవడానికి గరిష్ఠంగా దక్కేది 60 రోజులు.

ఈ భయం ఉత్తదేం కాదు. ధైర్యం తెచ్చుకో అని భుజం తట్టినంత మాత్రాన పోదు. దాన్ని ముందే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. మూడు నెలల అద్దె, తిండి ఖర్చు పక్కనుంటే గొంతు మారుతుంది. ఫోనులో చెప్పినదాన్ని అదే రోజు ఈమెయిల్‌లో మర్యాదగా రాసి అడగాలి: "ఈ టెస్టులు నడపకుండానే పాస్ అని పెట్టమన్నారు, నేను సరిగ్గానే విన్నానా అండీ?" చాలా కోరికలు అక్కడే వెనక్కి పోతాయి. పోకపోయినా మన దగ్గర తేదీతో సహా కాగితం ఉంటుంది, బోజొలే మెమోలాగా.

చట్టం కూడా తెలిసుండాలి. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా హెచ్-1బి ఉద్యోగికి కంపెనీ జీతం ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే 12 నెలల లోపు అమెరికా కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 ఫారం మీద ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేశాడని యజమాని కక్ష సాధించడం కూడా నేరుగా చట్టవిరుద్ధమే. ఇవన్నీ గొడవ మొదలైన రాత్రి గూగుల్‌లో వెతుక్కునే సంగతులు కావు.

ఇంట్లోనూ ముందే మాట్లాడుకోవాలి. హెచ్-4 మీద ఉన్న భార్య అయినా భర్త అయినా, వాళ్ల వీసా కూడా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటుంది. ఏ పని అడిగితే కాదనాలో, కాదన్నాక ఏ ఊరికి, ఎవరింటికి వెళ్లాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి, కన్సల్టెన్సీ ఆయన నుంచి ఫోన్ రాకముందే.